పద్దెనిమిది బోల్టులు

పుదుప్పేటలో పొద్దున తొమ్మిదికే
ఇనుము వేడెక్కుతుంది.
కూవం వాసన మీద డీజిల్ వాసన,
దాని మీద సెల్వి అక్క అల్లం టీ.

బూడిదరంగు కారొకటి వచ్చి ఆగింది.
దిగినామె పేరు హైమవతి,
కీల్పాక్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు,
కళ్ళకింకా తెల్లవారలేదు.
"గేరు ఆయిలు మార్చాలండీ, ఆటోమేటిక్."

ఏ ఆటోమేటిక్?
"క్లచ్ లేదండీ. అదే."
ఊరు అడిగితే దేశం చెప్పినట్టు.

ఎడమ కాలికి పని చెప్పనివన్నీ
ఒక తల్లి బిడ్డలు కావు.
ఒకటి, పాత గేరుపెట్టెకే మరమనిషి చెయ్యి తగిలించింది.
గేరు మారినప్పుడల్లా మన తల ఊపిస్తుంది,
దేనికో ఒప్పుకున్నట్టు.
ఇంకోదాంట్లో గేర్లే ఉండవు,
ఒక బెల్టూ, రెండు కప్పీలూ.
తొక్కితే ముందు అరుస్తుంది, ఆ తర్వాతే కదులుతుంది,
అచ్చం మా పెద్దబావ.
రెండు క్లచ్‌లది హైవే మీద మహారాజు,
అన్నాసాలై సిగ్నల్లో కాలుగాలిన పిల్లి.
మిగిలింది నూనెతో తిప్పేది.
రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే
రెండోది ఊరికే తిరుగుతుంది చూశారూ,
అలా. గాలి బదులు నూనె.

ఒకదాని నూనె ఒకదానికి పడదు.
వేరే గ్రూపు రక్తం ఎక్కిస్తే ఏమవుతుందో
మీకు నేను చెప్పాలా, అన్నాను.
అప్పుడు తెల్లవారింది ఆమె కళ్ళకి.

పుస్తకంలో బెల్టుదనే ఉంది.
తలుపు స్తంభం మీది రేకు
పెయింటు కింద పూడిపోయింది.
ఎగ్మూరు వంతెన దాకా నడిపి చూశాను.
బ్రేకు వదిలితే తనంతట తనే పాకింది.
పాకితే ఏముంది, బెల్టుదీ పాకుతుంది.
ముల్లు మాత్రం ఎక్కింది, తగ్గింది, మళ్ళీ ఎక్కింది.
మెట్లున్నాయి లోపల.
ఈ మధ్య బెల్టువి కూడా మెట్లు నటిస్తున్నాయి,
నమ్మడానికి లేదు.

జాకీ ఎత్తి, అట్టముక్క పరిచి, కిందికి దూరాను.
నూనెతొట్టి చుట్టూ వేలు పెట్టి లెక్కపెట్టాను.
పద్దెనిమిది బోల్టులు.
మళ్ళీ పెట్టాను. పద్దెనిమిదే.
పుస్తకంలోని బెల్టుపెట్టెకి అన్ని ఉండవు.
పెట్టె పక్కన మసి తుడిచి చాక్‌పీసు రుద్దితే
లోతులో అంకెలు తెల్లగా తేలాయి.
తీగల గొట్టంలో ఎండిన ఒండ్రు,
గోరుతో గీకితే రాలింది.
ఆ డిసెంబరు నీళ్ళ తాలూకు బురద.

అప్పుడర్థమైంది.
అసలుది మునిగింది. దాని చోట
ఇంకో కారు పెట్టెని, దాని మెదడుతో సహా,
తెచ్చి బిగించారెవరో.
ఇల్లరికం వచ్చిన అల్లుడన్నమాట,
రేషను కార్డులో పేరెక్కలేదంతే.

"ఎవడ్రా ఆ పని చేసింది, బాగానే బిగించాడే!"
అంటూ మేస్త్రి జయశీలన్ వంగి టార్చి వేశాడు.
మూల బోల్టు తల మీద
గులాబీరంగు గోళ్ళపాలిష్ చుక్క.

మా షెడ్డులో బిగించిన బోల్టుకి తప్ప
ఆ చుక్క ఇంకెక్కడా పడదు.
ఆ సీసా ఇప్పటికీ ఆయన జేబులోనే ఉంటుంది,
భార్య దగ్గర అడగకుండా తెచ్చింది.

టార్చి ఆర్పలేదు, మాట్లాడనూ లేదు.
"ఆ ఏడు వీధి పొడుగునా కార్లేరా," అన్నాడు చివరికి.
"పగలా రాత్రా తెలిసేది కాదు.
ఏదీ గుర్తు లేదు."

హైమవతి తలూపింది. ఆమెకి తెలుసు
అలాంటి రాత్రులు.

సరైన నూనె పోశాను, ఎర్రది.
కూలీ ఎంతంటే మేస్త్రి మెడ గోక్కున్నాడు.
"నూనె డబ్బులివ్వమ్మా."

ఆమె సంచీలోంచి తెల్లటి ప్లాస్టరు చుట్ట తీసి,
పంటితో తెంపి,
రక్తం సంచీ మీద రాసేంత పొందిగ్గా
ఆ నూనె పేరు రాసింది, కింద తేదీ వేసింది.
బానెట్ లోపల అతికించి
బొటనవేలితో రెండుసార్లు రుద్దింది.

"ఈసారి ఎవరైనా అడిగితే," అంది.