గురువారం దాకా

తాళంచెవి ఇచ్చాడు దేవసహాయం.
ఇచ్చినట్టూ కాదు, ఇవ్వనట్టూ కాదు.
పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో
ముప్పైమూడేళ్ళు బోల్టులు బిగించిన చెయ్యి,
గుత్తిలోంచి ఒక్క చెవి తీయడానికి
టీ చల్లారేంత సేపు తీసుకుంది.

"రిజిస్ట్రేషన్ గురువారం కదమ్మా.
ఈలోపు కొలతలు తీసుకో, సున్నం కొట్టించుకో.
మేకు మాత్రం దిగ్గొట్టొద్దు.
పొయ్యి వెలిగించొద్దు.
రాత్రి పడుకోవద్దు."
అంతా తమిళంలోనే చెప్పి
ఆ చివరిది మాత్రం తెలుగులో అన్నాడు.
నాకు అర్థం కాదేమోనని కాదు,
తనకి కాస్త బరువు తగ్గుతుందని.

పందొమ్మిదేళ్ళుగా పరదాలు కుడుతున్నాను.
అణ్ణానగర్‌లో, కీళ్పాక్‌లో
ఎన్ని కిటికీలు కొలిచానో లెక్కలేదు,
ఒక్కదాంట్లోంచీ బయటికి చూడలేదు.
కొలిచేవాళ్ళు చట్రం చూస్తారు, అంతే.

ఇవాళ చూశాను.
ఏముంది? ఎదురు మేడ మీద నల్ల నీళ్ళ ట్యాంకు,
ఆరేసిన లుంగీ, రెండు కాకులు,
బేసిన్ బ్రిడ్జి వైపు పోయే లోకల్.
చాలాసేపు చూశాక
టేపు చేతిలోనే ఉందని గుర్తొచ్చింది.

నలభైఎనిమిది. ముప్పైఆరు.
వంటింటి కిటికీ ఒక పక్క అరంగుళం తక్కువ.
వేరేవాళ్ళింట్లో అయితే
"మేస్త్రీ మోసం చేశాడండీ" అనేదాన్ని.
ఇక్కడ ఎవరితో అనను?
అలవాటుగా గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని ఊరుకున్నాను.

వెలిసిన గోడల మీద వెలవని చదరాలు:
ఇక్కడ క్యాలెండరు, ఇక్కడ ఏసుప్రభువు,
ఇక్కడ అద్దం అయ్యుండాలి.
లేని అద్దం ముందు నిలబడి
జడ సర్దుకున్నాను. నవ్వొచ్చింది.

నాలుగున్నరకి వాన, చెప్పాపెట్టకుండా.
వెనక గదిలో, కప్పు గోడను కలిసే మూల
టప్‌మని ఒకటి.
కాసేపాగి ఇంకొకటి.

అగ్రిమెంటు పదకొండు పేజీలూ నాకు కంఠతా వచ్చు,
ఏకాంబరం పైకి చదువుతుంటే నేను కాజాలు కుట్టాను.
తూర్పున ఎవరి గోడో ఉంది అందులో,
ఉత్తరాన ఏ సందో ఉంది.
ఈ చుక్క లేదు.

గురువారానికి ముందు పడ్డ చుక్క ఎవరిది?
ఆయనదా? ఆయన ఆవడిలో కూతురింట్లో
పొడిగా ఉన్నాడు.
నాదా? బ్యాంకు చెక్కు ఇంకా చేతికే రాలేదు.
నేల మాత్రం తడుస్తూనే ఉంది.
లక్ష తగ్గించమని అడగొచ్చు, ఏకాంబరమైతే అడుగుతాడు.
ముందు ఫోటో తియ్యి, తేదీ పడేలా, అంటాడు.
ఫోను తీశాను.

తీయగానే మోగింది.
"అమ్మా, అక్కడ వానా?"
"ఊఁ."
అటువైపు టీవీ చప్పుడు, ఎవరో పిల్లాడి ఏడుపు, దగ్గు.
"బాత్రూంలో నీలం బకెట్టు ఉంది చూడు.
వెనక గది మూలకి అదే పెట్టేవాణ్ణి.
మా ఆవిడ ఉన్నప్పుడు ఇత్తడి గిన్నె పెట్టేది,
చప్పుడు బాగుంటుందని."
ఆగాడు.
"చెప్పాల్సింది.
సంతకం రోజు చెబుదామనే అనుకున్నా."

నేనేమీ అనలేదు. నోట్లో సూదులున్నాయి.
లేకపోయినా ఏమనేదాన్నో.

బకెట్టు పెట్టాను.
ఫోటో తీశానా లేదా అన్నది
ఏకాంబరానికీ నాకూ మధ్య సంగతి.

మేకు కొట్టొద్దన్నాడు, కొట్టలేదు.
తలుపు వెనక ఆయనదే ఒకటుంది,
తుప్పుపట్టి, కొంచెం తలవంచి.
టేపు దానికి తగిలించి
వాన తగ్గేదాకా నేలమీద కూర్చున్నాను,
చుక్కకీ చుక్కకీ మధ్య అంకెలు లెక్కపెడుతూ.
తొమ్మిది. పదకొండు. మళ్ళీ తొమ్మిది.

తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి,
సందు చివరిదాకా వచ్చాక గుర్తొచ్చింది,
టేపు అక్కడే ఉండిపోయిందని.
వెనక్కి వెళ్ళలేదు.

రేపు పురసవాకంలో మూడు కిటికీలున్నాయి.
జానతో కొలుస్తాను.