అతుకు మీదే మంట

పలక మీద రాస్తున్నాను, నోరు ఇప్పుడు నాది కాదు.
గడ్డం కిందనుంచి నాలుకలోకి దూరి
మళ్ళీ గడ్డం కిందికే దిగిన ఏడు సన్నటి గొట్టాలు,
ఒక్కోదాని చివర ఒక్కో బొత్తాం.
అద్దంలో చూసుకుంటే
పని మధ్యలో వదిలేసిన నగలా ఉన్నాను.

తంగసాల వీధి సందులో, మూడో మేడ మీద
నలభైయొక్క ఏళ్ళు కుంపటి ముందు కూర్చున్నవాణ్ణి.
పెదవుల మధ్య ఇత్తడి ఊదుగొట్టం,
అది దించితే ఎడమ బుగ్గలో జర్దా.
రెండింటిలో ఏది కాటేసిందో డాక్టరమ్మకు తెలుసు.
మా వెంగమ్మకు అంతకుముందే తెలుసు.

కోసేస్తే పోతుందన్నారు మొదట.
సగం నాలుకతో బతకొచ్చన్నారు, బతుకుతున్నారన్నారు.
కమ్మరి ఒక్క దెబ్బ.
తర్వాత డాక్టరమ్మ ఫిల్ము కిటికీ వెలుగుకి పట్టి
పుండు చిన్నదే, మెడ గడ్డల్లోకి పాకలేదు,
లోపలినుంచే కాల్చి చూద్దాం అంది.
కంసాలి నూరు దెబ్బలు.
ఇది మా పనేనమ్మా, అన్నాను.
అప్పటికింకా అనగలను.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఐదు రోజులు.
అందరూ బయటికి వెళ్తారు. ఆఖరున పొన్‌మలర్ సిస్టరు
వచ్చీరాని తెలుగులో
"భయం వద్దు ఆచారీ, నేను కెమెరాలో ఉంటా" అని
జానెడు మందం తలుపు మూస్తుంది.
పెట్టె టక్కుమంటుంది.
ఉక్కు తీగ కొసన గింజ,
బియ్యపుగింజంత కూడా లేదట, ఇరిడియం అట,
ప్లాటినానికి పక్కింటి లోహం.
ప్లాటినంతో నాలుగు ఉంగరాలు చేశాను నా చేత్తో.
దీన్ని పట్టకారుతో కూడా ముట్టలేదు,
అదే వచ్చి నన్ను ముడుతోంది.
కమ్మచ్చు బెజ్జంలో తీగ సాగినట్టు
మొదటి గొట్టంలోకి పాకి
రవ్వంత జరిగి ఆగుతుంది. మళ్ళీ రవ్వంత.
ఎక్కడెన్ని క్షణాలు ఆగాలో
ఇళంగోవన్ అనే కుర్రాడు లెక్క కట్టాడు.
నొప్పి లేదు. వేడి కూడా లేదు.
అదే నమ్మబుద్ధి కాదు.
దవడకు తగలకుండా సీసం రేకు అడ్డం పెట్టారు,
కెంపుకు సెగ తగలకుండా మేం తడిమట్టి అద్దినట్టు.

వెలిగారం రాసి, పొడి పెట్టి ఊదితే
అతుకు మీదే పడాలిరా మంట,
పక్క ఆకు కరిగిందో చెయ్యి విరిచేస్తా
అని మొట్టేవాడు మా మేనమామ.

నాలుగో రోజు ఇళంగోవన్‌ని రాసి అడిగాను:
మొదటిరోజుకన్నా నాలుగు ఊపిర్లు ఎక్కువ పట్టిందేం?
గడియారం లేకపోయినా ఊపిరి లెక్క నాకు తెలుసు.
నా వంక తేరిపార చూశాడు.
ఆ గింజ రోజురోజుకీ నీరసిస్తుందట,
రెండున్నర నెలల్లో సగం సత్తువ పోతుందట,
అదే పనికి రోజూ ఇంకొన్ని క్షణాలు
కూర్చోబెట్టాలట దాన్ని.
పాపం, అనుకున్నాను.
నాక్కూడా ఇప్పుడు ఒక్క ముక్కుపుడక కాడకి పూటంతా పడుతోంది.

పని అయ్యాక గింజ పెట్టెలోకి పోతుంది.
ఒకాయన కిరకిరలాడే మీటరుతో వచ్చి
ఒళ్ళంతా తడుముతాడు, నాలో ఏం మిగల్లేదని.
తల్లి ముక్కుపుడకైనా గోకక మానడని
మా మీద సామెత కదా.
సోదా బాగా చెయ్యండి సార్, అని రాశాను.
వెంగమ్మ చదివి చెబితే సిస్టరు పడీపడీ నవ్వింది.
నేనూ నవ్వబోతే ఏడు గొట్టాలూ లాగాయి.

రేపు ఆఖరు.
అసలు మంట రెండు వారాల తర్వాతట,
నాలుక పొక్కి మజ్జిగ కూడా భగ్గుమంటుందట.
పుండు చచ్చిందో లేదో మూడు నెలలదాకా ఎవరూ చెప్పరు.
సరే, చింతపండు నీళ్ళలో మరిగించి తోమితే గాని
అతుకు నిలిచిందో లేదో మాకూ తెలియదు.

నిన్న వెంగమ్మ నా ఊదుగొట్టం తెచ్చి
దిండు కింద పెట్టింది. ఎందుకో చెప్పలేదు.
రాత్రి తీశాను. నోట పెట్టుకోలేను కదా,
ఊరికే తడిమాను.
ఇత్తడి మీద పంటి గాట్లు.
ఎడమవైపే ఎక్కువ.