ఎరుక లేని గడి

పరకాల మండలాఫీసు, రెండో అంతస్తు.
కూలర్‌లో నీళ్లయిపోయి వట్టి గాలి కొడుతున్న మధ్యాహ్నం
పింఛన్ల పట్టికను అడిగాను:
వయసు గీత దాటినవాళ్లెందరు?
నాలుగు వందల పన్నెండు, అంది.
దాటనివాళ్లు?
నూట ముప్పై ఒకటి.
మొత్తం వరుసలెన్ని అంటే
ఐదు వందల నలభై ఏడు.

వేళ్ల మీద కూడి చూశాను,
అటెండరు ఓదెలుతో కాగితం మీద కూడించాను.
నలుగురు తక్కువ.
దాటినవాళ్లు, దాటనివాళ్లు కాక
ఇంకెవరుంటారు లోకంలో?

నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న మునీరుద్దీన్
తెలియని చోటల్లా సున్నా కొట్టేవాడు.
లెక్క కుదిరేది.
కానీ పట్టికలో అందరూ పురిటిబిడ్డలు,
చేతికర్ర పట్టుకుని నడిచొచ్చే పురిటిబిడ్డలు.
వచ్చీరాగానే ఆ సున్నాలు చెరిపింది నేనే.

సోమవారం బుర్ర కొంరమ్మ వచ్చింది.
"పుట్టిందెప్పుడమ్మా?"
"చెరువు మత్తడి దుంకిన ఏడు, బిడ్డా."
"ఏ ఏడు దుంకింది?"
"ఎన్నేండ్లు దుంకలే!"
చెప్పులు విడిచి, గోడకానుకుని, మళ్లీ తనే అంది:
"మా చెల్లె లచ్చవ్వకు పైసలొస్తున్నయి.
దాన్ని చంకనేసుకొని తిప్పింది నేను.
చెల్లె ముసలిదైంది గని
అక్క ఇంక కాలేదా మీ డబ్బాల?"

యంత్రానికి లేదు అంటే తెలుసు, సున్నా అంటే తెలుసు.
తెల్వదు అనే మాట దగ్గర మాత్రం
పంచాయతీలో భయపడ్డ సాక్షిలా
అవుననదు, కాదనదు, నేల చూస్తుంది.
రెండు ఖాళీ గడులు పక్కపక్కన పెట్టి
ఇవి ఒకటేనా అని అడిగినా అంతే.
ఒకటెట్లయితాయి?
ఒకదాంట్లో కొంరమ్మ మరిచిపోయిన వాన,
ఇంకోదాంట్లో సారయ్య చదివిన బడి,
చెదలు తిన్న దాని రిజిస్టరు.

ప్రశ్నే తప్పు.
ఎక్కువనా తక్కువనా అని కాదు,
ఖాళీగా ఉందా అని అడగాలి,
తలుపు కొట్టి "ఎవరన్న ఉన్నరా" అన్నట్టు.
అడిగాను.
నాలుగు పేర్లు లేచి నిలబడ్డాయి:
కొంరమ్మ, సారయ్య,
ఒగ్గుకథ చెప్పే బీరయ్య,
ఇంటిపేరు గడి కూడా ఖాళీగా ఉన్న ఒక మల్లక్క.

మూడో జాబితా అంటే సారుకు చిరాకు.
"ఏదో ఒకటెయ్యి. సగటు వయసెయ్యి."
సగటంటే
తెలిసినవాళ్ల ముసలితనం కొంచెం కొంచెం గిల్లి
తెలియనివాళ్లకు అతికించడం.
కానీ వేస్తే నలుగురికీ పైసలొస్తాయి.
ఆ మాట దగ్గర
నా చెయ్యి మౌస్ మీద చాలాసేపు ఆగింది.

వయసు గడి ముట్టుకోలేదు.
పక్కన, ఎవరూ వాడని రిమార్కుల గడిలో కొట్టాను:
"వరుస రెండు వందల ఎనిమిది, లచ్చవ్వ. ఆమెకు అక్క."

మిగతా ముగ్గురూ
ఎవరికి అన్నో, ఎవరికి అక్కో
కనుక్కోవాలి.
రేపు ఓదెలు బండి మీద పోతాం.
పెట్రోలు నాది.