మెట్ల లెక్క

పొద్దున ఏడింటికి హోటల్ ముందు బండి ఆపి
అద్దం తుడుస్తుంటే వచ్చిందావిడ.
ఊరు మోంటెవిడియో, పేరు ఒతీలియా.
డెబ్భై దాటి ఉంటాయి. చేతిలో గొడుగు; వాన లేదు.
బాగా కనబడుతుందని ముందు తలుపు తీశాను.
వద్దంది. వెనక సర్దుకుని కూర్చుని
"ఆ ముందు సీటు కాస్త వెనక్కి జరుపు, రెఫూహియో" అంది.
నా పేరు నేనింకా చెప్పలేదు.
రసీదు మీద ఉంటుందిలే అనుకున్నాను.

ఇరవై ఆరేళ్లుగా మెక్సికో నగరంలో ఇదే నా బతుకు:
ఓ చేత్తో స్టీరింగు, ఓ చేత్తో చరిత్ర.
ఇక్కడొక సరస్సుండేది, అంటాను.
ఊరు బురదమీద కూర్చుంది, ఏటేటా కుంగుతోంది,
పెద్ద చర్చి కప్పునుంచి వేలాడే గుండు
నేల ఎటు ఒరిగిందో చెబుతుంది, అంటాను.
ఎక్కడ నవ్వాలో, ఎక్కడ అయ్యో అనాలో
జనానికి నేనే అందిస్తాను, తాళం వేసినట్టు.

రెఫోర్మా రోడ్డులో జకరందాలు ఊదాపూలు రాలుస్తున్నాయి.
బంగారు రెక్కల దేవత స్తంభం దగ్గర నెమ్మది చేసి
ఎప్పటి మాటే ఎత్తుకున్నాను:
"దేవత పైకి లేచిందనుకుంటారు అందరూ. కాదమ్మా..."
"మేమే కిందికి దిగాం" అంది వెనక సీటు,
"అందుకే పద్నాలుగు మెట్లు కట్టాం."

బ్రేకు మీద కాలు పడింది. వెనక బస్సువాడు తిట్టాడు.

పదకొండేళ్ల కిందట వచ్చారట, భర్తతో.
ఆయన అనీబాల్, పొడుగు మనిషి,
ముందు సీట్లో మోకాళ్లు డాష్‌బోర్డుకి ఆనించి.
"గుర్తున్నాడా?"
"గుర్తులేకేం!" అన్నాను. నోటికి అలవాటు.
"ఏ రంగు టోపీ పెట్టుకున్నాడు?"

ఎర్ర లైటు.
పాత ఇనుము కొనేవాళ్ల ట్రక్కు పక్కన ఆగి
రికార్డు చేసిన చిన్నపిల్ల గొంతుతో
పరుపులు, పొయ్యిలు, ఫ్రిజ్జులు అడుగుతోంది.
"గుర్తులేదమ్మా" అన్నాను.
"నయమే. టోపీ పెట్టేవాడే కాదు."

ఇక అక్కణ్ణుంచి ఆవిడే గైడు.
"ఈ మలుపులో మీ మామగారి గాడిద కథ చెప్పావు, చెప్పు."
చెప్పాను. చివర తప్పితే దిద్దింది.
"ఇక్కడ నీలం షట్టరు దుకాణంలో గుమ్మడిపూల సూపు తాగించావు."
అది మూతబడి ఫోన్ల రిపేరు షాపయింది.
అయినా దిగి, షాపు కుర్రాడికి ఆ సూపు గురించి చెప్పింది.
పాపం, స్క్రూడ్రైవరు చెవిమీద దోపుకుని
చివరిదాకా విన్నాడు.

మళ్లీ ఎక్కాక అసలు విషయానికొచ్చింది:
"పద్నాలుగని నువ్వన్నావు.
ఆయన దిగి లెక్కపెట్టొచ్చి ఇరవై మూడన్నాడు.
ఆ రోజంతా మీ ఇద్దరికీ మాటల్లేవు.
ఇంటికెళ్లాక కూడా, కూరలో ఉప్పెక్కువైతే
ఆ మెక్సికోవాడి లెక్కలా ఉంది, అనేవాడు.
ఆస్పత్రిలో కూడా ఓసారి అన్నాడు.
ఇప్పుడు చెప్పు, ఎవరిది తప్పు?"

"ఎవరిదీ కాదమ్మా. మొత్తం ఇరవై మూడే.
తొమ్మిది మొదట కట్టినవి,
పద్నాలుగు ఊరు కుంగాక వేసినవి."

"అప్పుడే చెప్పొచ్చు కదయ్యా!"

"అప్పటికి నాకూ తెలీదు.
తరవాతెప్పుడో ఓ బడిపిల్ల చెప్పింది."

నవ్విందో ఏమో;
అద్దంలో గొడుగే కనబడింది, మొహానికి అడ్డంగా.

సాయంత్రం స్తంభం దగ్గరికే పోనిమ్మంది.
ఒక్కో మెట్టూ ఎక్కుతూ అంకెలు పైకే చెప్పుకుంది.
కింద నేను వేళ్లమీద.
"ఇరవై రెండు!" అని అరిచింది పైనుంచి, గెలిచినట్టు.
నేను దిద్దలేదు.

ఇద్దరి డబ్బులిచ్చింది.
ఒకరివే తీసుకున్నానని చెబితే బావుంటుంది గానీ
రెండూ తీసుకున్నాను. క్లచ్ ప్లేట్లు మార్చాలి.
ముందు సీటు మాత్రం ఇంకా వెనక్కే ఉంది.
రేపు ఎక్కేవాళ్లు ఎలాగూ జరుపుకుంటారు.