పరాయి పరిమళం

ఐదు చోట్లు, నాలుగు గంటలు, మనిషికి నూట ఇరవై లారీలు.
లారీ అంటే ఇక్కడి రూపాయి అని తబస్సుమ్ ఎంత చెప్పినా
ఫణి నవ్వు ఆపలేదు:
నూట ఇరవై లారీల తిండా!

తిబిలిసిలో మార్చి. రైల్వేస్టేషన్ దగ్గర
పారిపోయిన సిపాయిల పేరున్న సంత.
ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకుని ముందు లమారా,
అరవై దాటిన మనిషి, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు.
వాన లేదు.
గొడుగు మేం తప్పిపోకుండా.

మొదట రొట్టె.
బావిలాంటి పొయ్యిలోకి నడుం దాకా వంగి
గోడకి పిండి చరిచి లేస్తున్నాడొక కుర్రాడు,
వంగినప్పుడల్లా కాళ్ళు నేల వదిలేస్తున్నాయి.
"కొస తుంచండి ముందు. కరకరమంటుంది, కాస్త మాడు చేదు.
నడుమ మెత్తన, ఆవిరి ఇంకా అందులోనే ఉంటుంది,
నాలిక కాల్చుకోకండి."
కాల్చుకున్నాం.

పొగబెట్టిన చీజ్, జడలా అల్లింది.
"నమలకండి, వినండి. పళ్ళ కింద కీచుమంటుంది.
ఉప్పు ఆఖర్న వస్తుంది, ఆలస్యంగా వచ్చిన చుట్టంలా."
పుల్ల ప్లమ్ పచ్చడి నాలిక్కి తగలగానే
గోంగూర, అన్నాను.
ఎక్కడికెళ్ళినా గోంగూరేనా నీకు, అన్నాడు ఫణి.

వకుళ మాత్రం లమారా నోటి వైపే చూస్తూ తింటోంది,
సబ్‌టైటిల్స్ చదువుతున్నట్టు.
రెండేళ్ళ కిందటి జ్వరం పోతూ పోతూ
దాని ముక్కులోంచి లోకాన్ని మూటగట్టుకుపోయింది.
పొగడపువ్వు పేరు పెట్టుకున్న మనిషి!
ఉప్పూ పులుపూ నాలిక మీదుంటాయే, మిగతాదంతా గాలి, అంటుంది.
గైడుకి చెప్పొద్దంది.
ఎందుకే అంటే,
పాపం, డబ్బు తిరిగిచ్చేస్తుందేమో.

మసాలా కొట్టు ఆవిడ మా అరచేతుల్లో
చిటికెడు చిటికెడు పచ్చటి పొడి పోసింది.
మెంతులకి చెల్లెలి వరస.
"మా భాషలో దీని పేరు పరాయి పరిమళం," అంది లమారా.
"ఎప్పుడో ఎవరో దూరం నుంచి తెచ్చారట.
మా కొండల్లోనే కాపురం పెట్టింది,
మేమే ఇంకా పరాయి అంటున్నాం."
మేం ముగ్గురం వాసన చూసి చేతులు దులుపుకున్నాం.
వకుళ దులుపుకోలేదు.
పిడికిలి మూసి కోటు జేబులో పెట్టుకుంది.

నాలుగో చోట, మూటల్లాంటి కుడుములు, లోపల మాంసం, మాంసం రసం.
తబస్సుమ్‌కి వేరే పళ్ళెం, చీజువి.
"తోక పట్టుకుని తిరగెయ్యండి. చిన్నగా కొరికి రసం ముందు తాగండి.
మిరియం గొంతులో నిలబడుతుంది, కొత్తిమీర ముక్కులోకి ఎక్కుతుంది.
తోక తినకూడదు, వదిలెయ్యాలి. లెక్క దానితోనే."
ఫణి పదకొండు. నేను ఏడు, ఎనిమిదోది సగం.
అప్పుడు చూసింది తబస్సుమ్:
లమారా పళ్ళెంలో ఒక్క తోకా లేదు.

"పెద్ద ఉపవాసం," అంది లమారా.
"ఈస్టర్ దాకా మాంసం, పాలు, గుడ్డు ముట్టను."

అంటే ఆ కీచు, ఆ రసం, ఆలస్యంగా వచ్చిన ఆ ఉప్పు,
పొద్దుట్నుంచీ మాకు వడ్డించిందంతా
పోయినేటి రుచి.

వకుళ పకపకా నవ్వింది.
పక్క బల్లవాళ్ళు తిరిగి చూసేంత.
తర్వాత తన సంగతి చెప్పేసింది.
లమారా చాలాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చుంది.
"ముందే చెప్పుంటే
ఇంకాస్త నిదానంగా చెప్పేదాన్ని కదమ్మా."

ఐదో చోట వైన్. దాని గురించి నాకు సరిగ్గా గుర్తులేదు.

బస్టాపులో గొడుగు ముడిచేసింది లమారా.
సంచీలోంచి కాగితంలో చుట్టిన చిక్కుడు గింజల రొట్టె తీసింది,
పొద్దున ఇంట్లో కాల్చుకున్నదట.
సగం తుంచి వకుళకిచ్చింది, మమ్మల్ని అడగనైనా అడగలేదు.
ఇద్దరూ నములుతున్నారు. బస్సు రాలేదు.
"ఎలా ఉంది, చెప్పండి," అంది వకుళ.

పనివేళ అయిపోయిన మనిషి,
నోటినిండా రొట్టె,
"ఉప్పు తగ్గింది," అంది.

"అవును," అంది వకుళ.