తొంభై సెకన్లు

మార్చిలో, స్క్రూ బ్రిడ్జి దగ్గర
తెల్లకారొకటి నన్ను గోకి పోయింది.
మోచేతి తోలు లేచింది.
వెనక చక్రం ఎనిమిదంకె తిరిగింది.
స్టేషన్లో రైటరు పెన్ను మూత తియ్యకుండానే అడిగాడు:
"నంబరు చూశావా? సాక్షులున్నారా?"
చూసినవాళ్లు చాలామందే. ఆగినవాళ్లు లేరు.

అందుకని నాగుల్ మీరా కొట్లో
ఎవరి బైకు నుంచో ఊడదీసిన కెమెరా కొన్నాను,
పద్దెనిమిది వందలు.
అగ్గిపెట్టెకి అన్నయ్యంత ఉంటుంది.
ఆటోనగర్‌లో, నా లేతు మీదే
దానికో బిగింపు తిప్పుకున్నాను,
హ్యాండిల్ మీద బెల్లు పక్కన కూర్చోబెట్టాను.
ఇక సాక్షి నాతోనే వస్తుంది.
టీ పోయించక్కర్లేదు, వాయిదాకి చార్జీలివ్వక్కర్లేదు.

దానికి కన్నుంది గాని రెప్ప లేదు.
ఏడుంబావుకి కృష్ణలంక సందులో
నీళ్ల డ్రమ్ములు దొర్లించేవాళ్ల కాళ్లతో మొదలుపెడుతుంది.
పిల్లలు "యూట్యూబా బాబాయ్?" అని నాలుకలు చాపుతారు.
ఏడేళ్లుగా నా వైపు చూడని హోంగార్డు
నిన్న టోపీ సర్దుకున్నాడు.

రాత్రి అన్నం తిన్నాక
పడుకుని, ఫోన్లో, అదే రోడ్డు మళ్లీ తొక్కుతాను.
బియ్యంలో రాళ్లేరినట్టు నేరాలేరతాను:
ఇదిగో రాంగ్ రూటు,
ఇదిగో చెయ్యి చూపించకుండా తిరిగిన ఆటో,
ఇదిగో బస్సు కిటికీలోంచి నా భుజం మీదకి ఎర్రటి ఉమ్మి.
నంబర్లన్నీ కరెంటు బిల్లు వెనక రాసుకుంటాను.
"ఇంత ఊళ్లో నీకు మంచోడొక్కడూ పళ్లేదా నాన్నా?"
అంటుంది సుకీర్తన, లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

దానికి చెవి కూడా ఉందని నేననుకోలేదు.
ఎత్తెక్కేటప్పుడు
క్యారియర్ మీదెవరో కూర్చుని రొప్పుతున్నట్టు నా ఊపిరి.
గొలుసు కిర్రు కిర్రు.
మధ్యలో నా గొంతే, నాకు తెలియకుండా, ఎవరితోనో:
"ఆగరా... ఆగు... సరే, పోనీలే, పో."

ఆషాఢంలో ఒక సాయంత్రం. చినుకులు.
బెంజి సర్కిల్ లెన్సు మీద చెమ్మగా ఉబ్బింది.
సిగ్నల్ ఎర్రబడింది.
ఒక చక్రం మాత్రం ఆగలేదు, గీత దాటేసింది.
ఎవడ్రా వీడు అనుకుని పెన్ను కూడా తీశాను.

చక్రం నాది.

కుడి అంచున స్కూటీ. లేతాకుపచ్చ రెయిన్‌కోటు.
ముందు నిలబడ్డ పిల్లాడి మెడలో నీళ్లసీసా
బ్రేకు పడ్డాక కూడా ఊగుతూనే ఉంది.
ఆమె తిట్టలేదు.
ఒక కాలు నేలకానించి,
ఒక చేత్తో పిల్లాడి గుండె అదిమి పట్టుకుని
చూసింది, అంతే.
నేను ఈల వేసుకుంటూ పోయాను.
ఈల ఎంత బాగా రికార్డయిందో.

నాలుగుసార్లు వెనక్కి తిప్పాను.
సైకిలుకి నంబరుండదు.
రైటరు పెన్ను మూత తియ్యకుండా అడిగితే
ఏం చెప్పుకుంటుంది ఆమె?

"చెరిపెయ్యాలా?" అనడిగింది ఫోను.
బొటనవేలు చాలాసేపు గాల్లోనే ఉంది.
తర్వాత కరెంటు బిల్లు వెనక,
ఆఖరి కారు నంబరు కింద,
"నేను" అని రాసి తేదీ వేశాను.

ఇప్పుడు గీత వెనకే ఆగుతున్నాను.
"సైకిలోడికి సిగ్నలేంటయ్యా, జరుగు" అంటాడు వెనక ఆటో.
జరగను.
లేతాకుపచ్చ రంగు కోసం చూస్తాను.
వాన లేనిరోజు రెయిన్‌కోటు ఎవరేసుకుంటారు?
ఆమె పక్కనే ఆగి ఉన్నా నాకు తెలీదు.

నిన్నటిది సుకీర్తన కూడా చూసింది.
తొంభై సెకన్లు, ఏమీ జరగలేదు.
జామకాయల బండి దాటింది.
ముసలాయన ఉప్పుకారం పొట్లం రోడ్డు మధ్యలో జారవిడిచాడు,
వంగాడు, వెతికాడు, తీసుకున్నాడు.
అంతసేపూ ఎవరూ హారన్ కొట్టలేదు.
"ఇది దాచు నాన్నా" అంది.
గ్రీన్ పడింది. గొలుసు కిర్రుమంది.
"నూనె కూడా వెయ్యి" అని
అటు తిరిగి పడుకుంది.