ఉప్పు లేని సముద్రం

తెర్సెయిరా దీవిలో మా పెరటి తలుపు తెరిస్తే సముద్రమే.
ఏడు నెలలుగా ఆ తలుపు తియ్యనివ్వలేదు మా ఆయన.

నలభై ఏళ్లు వల లాగిన కుడిచెయ్యి
ఒడిలో పడి ఉండేది,
ఎవరో మర్చిపోయి వెళ్లిన చేతిసంచిలా.
మాటా అంతే. పెదవిదాకా వచ్చి
రేవు దొరకని పడవలా వెనుదిరిగేది.

ఆస్పత్రిలో ఒడీలియా అనే పిల్ల
రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంది.
బెలర్మీనో బంతి వైపు చూశాడు, తర్వాత నా వైపు.
అరవై తొమ్మిదేళ్ల జాలరికి బంతా?
అది మంచం కిందికి దొర్లింది.
ఇద్దరం వంగలేదు.

అప్పుడు తెచ్చాడు మనవడు తన ఆటపెట్టె.
ఎన్ని తిట్లు తిట్టానో ఆ పెట్టెని!
కళ్లు పోతాయిరా, చదువు పోతుందిరా,
సూపు చల్లారిపోతోందిరా.
ఒకసారి దాని తీగ పీకి
మొక్కజొన్నపిండి డబ్బాలో దాచాను కూడా.

తెరమీద ఒక సముద్రం. వాసన లేదు.
అలలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు.
ఒకరు తెడ్డు వెయ్యాలి, ఒకరు వల లాగాలి.
తెడ్డు వేసేది ఎక్కడో బూసాన్‌లో ఎవరో.
మారుపేరు "చలికాలపు ముల్లంగి".
చిన్నపిల్లో, ముసలాయనో, మనవడికీ తెలీదు.

మొదటి వారమంతా వల చిరుగుతూనే ఉంది.
ముల్లంగి పడవ ఆపేది. ఎదురుచూసేది.
నేనైతే అంతసేపు ఆగేదాన్ని కాదు.
చెంచా లాక్కుని నోట్లో పెట్టేసేదాన్ని,
అదే ప్రేమనుకుని.

చేప పడితే చేతిలోది వణుకుతుంది,
గుప్పిట్లో తుమ్మెదను మూసినట్టు.
పదకొండో రోజు అది వణికినప్పుడు
ఆయన కనుబొమ్మ లేచింది.
మళ్లీ వణికింది.
బొటనవేలు కదిలింది,
గోడమీద బల్లి కదిలినంత.
"తగిలింది" అన్నాడు.
చేపకా, చేతికా,
నేను అడగలేదు.

అద్భుతం జరిగిందని చెప్పను.
ఫోర్కు ఇంకా జారుతుంది. కొన్ని రోజులు
పెట్టెను తోసేసి గోడవైపు తిరుగుతాడు.
చొక్కా గుండీ ఒక కాజా తప్పి పెట్టుకుంటాడు,
నేను సరిచెయ్యడం మానేశాను.
ఆ నేర్పు నాకు ముల్లంగిదే.

నిన్న మాత్రం నిండు వాక్యం ఒకటి వచ్చింది:
"ఈ చేప ఈ లోతులో ఉండదు.
ఈ ఆట కట్టినవాడు సముద్రం చూళ్లేదు."
తిట్టు! నోరారా తిట్టు!
ఎన్నాళ్లకి విన్నానో,
పొయ్యిమీద పాలు పొంగినా కదల్లేదు.

మనవడు దాన్ని వాళ్ల భాషలోకి మార్చి పంపాడు.
కాసేపటికి జవాబు:
"మరి ఏ లోతులో ఉంటుంది?"

బెలర్మీనో చాలాసేపు తెరవైపే చూశాడు.
ఆ నీళ్లలో వెతికాడు. అక్కడ లేదు కాబోలు.
"తలుపు తియ్యి" అన్నాడు నాతో.

ఇన్ని నెలల ఉప్పుకి
గొళ్లెం బిగుసుకుపోయింది.
మనవణ్ణి కేకేశాను,
సుత్తి పట్రమ్మని.